కుంచె ఆరేసిన చెట్టు

ధర్మయ్య ఇంట్లో మనుషుల కంటె ముందు పిల్లి తినాలి. అది ఆ ఇంటి రివాజు. మగ్గానికి ఎక్కించే గంజి పట్టిన పడుగు నూలంటే ఎలుకకు పరమాన్నం. ఒక్క రాత్రి ఎలుక దూరిందంటే నెల రోజుల కష్టం పేలికలైపోతుంది. అందుకే కట్టంగూర్ పక్కన ఉన్న ఆ చిన్న ఊళ్ళో, పద్మశాలీల వాడలో, పెళ్ళాన్ని కొట్టే మగవాణ్ణి ఎవరూ ఆపరు గానీ పిల్లిని తన్నినవాణ్ణి మాత్రం నలుగురూ చుట్టుముట్టి నిలదీస్తారు.

ఆదివారం పొద్దున ధర్మయ్య మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడో లేదో, వాకిట్లో ఏదో దబ్బున పడింది. ఆయన భార్య వెంకటనర్సమ్మ రాట్నం వదిలి బయటికి వచ్చింది. మేకపిల్ల. చచ్చి ఉంది. కడుపు నిలువునా కోసి ఉంది. మూతికి నురుగు ఎండి అంటుకుని ఉంది. దాని పక్కన వెనక వాడలో ఉండే కురుమ గుర్వమ్మ, కొంగు నడుముకు దోపుకుని, ఎడమ చేతి పిడికిలి బిగించి నిలబడింది.

"నీ మొగణ్ణి పిలువు నర్సమ్మా."

ధర్మయ్య వచ్చేదాకా ఆమె పిడికిలి తెరవలేదు. వచ్చాక తెరిచింది. అందులో సగం నమిలిన ఆకులు, పచ్చగా, జిగటగా ఉన్నాయి.

"మా ఆయన కడుపు కోసి చూసిండు. ఇగో, నీ గన్నేరాకు. నిన్న పొద్దుగూకంగ మంద ఇట్ల పోతాంటె నీ గోలెం కాడ మేసింది. తెల్లారేసరికి కాళ్లు కొట్టుకొని కొట్టుకొని పానం ఇడిచింది. గా చెట్టు పీకెయ్యి ధర్మన్నా. నీ కాళ్లు మొక్కుత."

కురుమలు జీవం చస్తే ఊరికే పాతిపెట్టరు. కడుపు కోసి, ఏం తిని చచ్చిందో చూసి, ఆ ఆకు ఉన్న చోటికి మందను మళ్ళీ పోనివ్వరు. అది వాళ్ళ చదువు. మగ్గం మీద బతికేవాళ్ళకు ఆ చదువు లేదు. ధర్మయ్యకు ఆ కోసిన కడుపు చూడగానే వికారం పుట్టింది. ఏది పుట్టినా అది కోపంగానే బయటికి రావడం ఆయన స్వభావం.

"పొద్దుగాలనే పీనుగును తెచ్చి వాకిట్ల ఏస్తవా? దేవునికి పెట్టే పూల చెట్టది. నీ మేకలను నువ్వు కట్టేసుకో."

"నూరు జీవాలను కట్టేసుడు అల్కనా, ఒక్క చెట్టును కొట్టేసుడు అల్కనా?"

"మార్కండేయునికి పూలు నీ అయ్య తెచ్చిస్తడా?"

వాకిట్లో, అరుగు పక్కన, ఒకప్పుడు నూలుకు రంగు వేసిన పగిలిన గోలెంలో ఆ ఎర్ర గన్నేరు నిలువెత్తు పెరిగి ఉంది. రోజూ తెల్లారి ధర్మయ్య కులదేవుడు మార్కండేయుని పేరు చెప్పుకుని అయిదు పూలు కోసి మగ్గానికి పెట్టి గాని నేతకు నాడె పట్టడు. ఆయన ఒక్క అడుగు వేసి మేకపిల్లను కాలితో తన్నాడు. అది మెట్టు దాటి వీధిలో పడింది. పేగులు మెట్టు మీద మిగిలాయి.

గుర్వమ్మ ఏడవలేదు. మేకపిల్లను వెనక కాళ్ళు పట్టి ఎత్తుకుంది.

"నోరులేనిది కొట్టుకుంటాంటె సూసుడు ఎట్లుంటదో నీ ఇంట్ల గూడ జరగాలె. అప్పుడు ఎరుకైతది నీకు."

వీధి వీధంతా విన్నది ఆ మాట. ఆమె పోయాక వెంకటనర్సమ్మ నీళ్ళు పోసి మెట్టు కడుగుతూ, "పోనీ గోలెం లోపలికన్న జరుపుదమా" అన్నది. మాట పూర్తి కాకముందే చెంప పేలింది. అదేం కొత్త కాదు. ఆమె చెంబు కింద పడకుండా పట్టుకుని మిగిలిన మెట్టు కడిగింది.

సోమవారం సాయంత్రం ఆమె కుంచె కడిగింది. మర్నాడు పడుగుకు గంజి పెట్టాలి. మూరెడు పొడుగున్న, వేళ్ళ పోచలతో కట్టిన కుంచె అది, ధర్మయ్య తాత నాటిది. నేల మీద పెడితే పోచలు వంగిపోతాయి, వంగిన పోచ పడుగు దారాన్ని తెంపుతుంది. దాన్ని వేలాడదీసే కొయ్య మొన్నటి వానకు చూరు కింది గోడ మట్టితో సహా ఊడిపోయింది. ఆమె చుట్టూ చూసి, గన్నేరు చెట్టు పంగలో కుంచెను ఇరికించి ఆరేసింది. కొమ్మ ఒకటి పుటుక్కుమంది. పట్టించుకోలేదు. జొన్నపిండి గంజి కాచి, బానలో పోసి మూత పెట్టి పడుకుంది.

మంగళవారం ఇంకా మసక ఉండగానే వీధి పొడవునా పడుగు సాగదీశారు. ఎండ ముదరకముందే పని కావాలి, లేకపోతే గంజి దారం మీద అట్ట కడుతుంది. వెంకటనర్సమ్మ గంజిలో చారెడు నూనె పోసి కలిపి, చెట్టు మీది కుంచె లాగి అందులో ముంచి మగనికి ఇచ్చింది. ధర్మయ్య ఒక పక్క, తమ్ముడు భిక్షపతి ఇంకో పక్క. పడుగు మీద కుంచె ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకు. కుంచె పొడిబారినప్పుడల్లా ఆమె బాన ముందుకు జరిపేది, ధర్మయ్య ముంచేవాడు. ఆయన చెయ్యి ఆ పనిలో ఉన్నప్పుడు ఎంత మెత్తగా ఉంటుందో చూస్తే, అదే చెయ్యి మనుషులను కొడుతుందంటే ఎవరూ నమ్మరు. తెగిన దారాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, ఉమ్ముతో తడిచేసి అతికేవాడు.

పని అయ్యాక అడుగున ఇంత గంజి మిగిలింది. బాన గోలెం పక్కన పెట్టింది. బూడిద రంగు పిల్లి ఇంట్లోంచి వచ్చి, బానలోకి తల దూర్చి, గంజి మీద తేలిన నూనె నాకసాగింది. మూడు వారాల కింద మూడు పిల్లల్ని పెట్టింది అది. ఎంత తిన్నా దానికి ఆకలే.

"బాలెంతరాలు గదా, తాగనీ" అన్నాడు ధర్మయ్య, ముచ్చటగా. భిక్షపతి నవ్వాడు.

పొద్దు నడినెత్తికి రాకముందే పిల్లి కక్కింది. ముందు నూనె, తర్వాత నురుగు. కాళ్ళు తడబడ్డాయి. మూతి నుంచి చొల్లు తీగలా కారింది. ధర్మయ్య మగ్గం గుంటలోంచి లేచి వచ్చి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, దవడలు పట్టి తెరిచి మజ్జిగ పోశాడు. మజ్జిగ అంతా బయటికే వచ్చింది. గుండె మీద చెయ్యి పెట్టి చూశాడు. కొట్టుకోవడం, ఆగడం, మళ్ళీ ఎప్పటికో కొట్టుకోవడం. ఒక్కసారి నడుము విల్లులా వంగి, గోళ్ళు ఆయన తొడలో దిగాయి. నెత్తురు వచ్చినా వదల్లేదు ఆయన. తర్వాత పిల్లి వదిలింది.

కండెల బుట్టలోంచి మూడు పిల్లలూ పాక్కుంటూ వచ్చి తల్లి పొట్ట వెతుక్కున్నాయి. ఒకదానికి రొమ్ము దొరికింది కూడా. అది కళ్ళు మూసుకుని, ముందరి కాళ్ళతో నొక్కుతూ చీకుతుంటే, ధర్మయ్య గోడకు తల కొట్టుకుని ఏడ్చాడు. వెంకటనర్సమ్మకు ఆయన మీద జాలి కలిగింది. పెళ్ళైన పద్నాలుగేళ్ళలో ఆయన ఏడవడం ఆమె చూసింది ఇదే.

"అన్నా" అన్నాడు భిక్షపతి మెల్లగా. "గుర్వమ్మ అన్న మాట యాదున్నదా?"

ధర్మయ్య ఏడుపు ఆగిపోయింది.

వెంకటనర్సమ్మ బాన కడగడానికి పెరట్లోకి తీసుకుపోయింది. గంజి తెట్టె గీకుతుంటే చేతికి ఏదో తగిలింది. ఆకు. తీసి చూసింది. గంజిలో నాని ఉబ్బిన గన్నేరాకు. ఇంకొకటి. మొత్తం నాలుగు, వాటితో విరిగిన పుల్ల ఒకటి. కుంచె అందుకుని పోచలు విడదీసి చూస్తే మధ్యలో ఆకు ముక్కలు, పాల జిగురు. గుర్వమ్మ పిడికిట్లో ఉన్నదీ ఇదే ఆకు.

పిల్లిని చంపినవాళ్ళు బంగారంతో పిల్లిని చేయించి కాశీలో విడిచిపెట్టాలంటారు. బంగారం మాట దేవుడెరుగు, ముందు ఈ పొద్దు గడవాలి కదా. ఆయన తొడ మీది నెత్తురు ఆరలేదు. తాను ఇప్పుడు పోయి నేనే అంటే ఏం జరుగుతుందో ఆమె ఒంటికి తెలుసు, పక్కటెముకలకు తెలుసు. ఆకులను బూడిద గుంటలో వేసి పైన బూడిద కప్పింది. కుంచె మూడుసార్లు కడిగింది. లోపలికి పోయి పిల్లి పిల్లల్ని పెద్ద గంపలో వేసి, పైన ఇంకో గంప బోర్లించి, రాయి పెట్టింది. అవి పాకి పాకి గోలెం దగ్గరకు పోతాయేమో, రాలిన ఆకు నోట పెట్టుకుంటాయేమో అని ఆమె భయం.

"ఎందుకు మూసిపెట్టినవు వాటిని?" అన్నాడు ధర్మయ్య గుమ్మంలోంచి.

ఆమె తిరిగి చూడలేదు. ఏదో ఒకటి చెప్పాలి.

"మల్ల ఎవరన్న ఏమన్న ఏస్తరేమోనని."

అంతే అన్నది. ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. ధర్మయ్య తల ఊపి, పిల్లిని పాతిపెట్టడానికి గడ్డపార తీసుకుని పోయాడు.

బుధవారం పొద్దున ఐలేశం తన దొడ్లో గొర్రెకు బొచ్చు కత్తిరిస్తున్నాడు. గుర్వమ్మ మొగడు అతను. గొర్రె నాలుగు కాళ్ళూ కట్టి, మెడను మోకాళ్ళ సందున ఇరికించి, పెద్ద కత్తెర కుడిచేత పట్టుకుని, పొట్ట దగ్గరి మెత్తటి బొచ్చును గాటు పడకుండా తీస్తున్నాడు. ఆ చేతిలో కత్తెర ఉంటే గొర్రె కదలదని ఊళ్ళో చెప్పుకుంటారు. కంచె తోసుకుని నలుగురు మనుషులు వచ్చారు. ముందు ధర్మయ్య, చేతిలో పడుగు కర్ర. వెనక భిక్షపతి, ఇంకో ఇద్దరు.

"ఏందన్నా..." అన్నాడు ఐలేశం.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. గొర్రె తప్పించుకోలేక, కట్టేసిన కాళ్ళతోనే ఎగిరెగిరి పడింది. రెండో దెబ్బ తల మీద. ఐలేశం చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా పిల్లికి ఏం పెట్టిండ్రు చెప్పురా!"

"మా బీరప్ప దేవుని మీద ఒట్టు, మీ వాకిలే తొక్కలే ధర్మన్నా!"

గుర్వమ్మ గుడిసెలోంచి పరిగెత్తుకొచ్చి మొగని మీద అడ్డం పడింది. భిక్షపతి ఆమెను కొప్పు పట్టి ఈడ్చాడు. పిడికెడు వెంట్రుకలు అతని చేతికి వచ్చాయి. ఆమె లేచి అతని మణికట్టు కొరికింది. అతను కడుపులో తన్నాడు. ఆమె గొర్రె బొచ్చు కుప్పలో పడింది. తెల్లటి బొచ్చు మీద ఎర్రటి మరకలు పడ్డాయి.

వెంకటనర్సమ్మ వాళ్ళ వెనకే వచ్చింది. దొడ్డి చుట్టూ ఉన్న కంప పట్టుకుని నిలబడింది. ముళ్ళు అరచేతిలో దిగుతున్నా తెలియలేదు. "ఆపుర్రి, ఇగ ఆపుర్రి" అని అరిచింది. అది ఎవరైనా అరిచే మాటే. అరవాల్సిన మాట అది కాదు. ఆ మాట గొంతు దాకా వచ్చి, మగని చేతిలో కర్ర చూసి వెనక్కు పోయింది.

ఐలేశం కుడిచెయ్యి నేల మీద ఉంది, వేళ్ళు ఇంకా కత్తెర రింగుల్లోనే ఉన్నాయి. ధర్మయ్య కర్రను రెండు చేతులా ఎత్తి ఆ చెయ్యి మీద దించాడు. ఒకసారి కాదు. ఇనుముకూ కర్రకూ మధ్య ఎముకలు విరిగిన చప్పుడు కంప దాకా వినిపించింది. ఐలేశం అరవలేదు, నోరు తెరిచాడు గానీ గాలి కూడా రాలేదు. నాలుగో దెబ్బకు ధర్మయ్య తమ్ముడే భయపడి అన్నను వెనక్కు గుంజాడు.

ఆ పూట ఎవరో ఐలేశాన్ని బండి మీద నకిరేకల్ దవాఖానకు తీసుకుపోయారు. సాయంత్రానికి కట్టుతో వచ్చాడు. మూడు వేళ్ళు ఇక పనికిరావని అక్కడ చెప్పారట. వెంకటనర్సమ్మ ఆ మాట బాయి దగ్గర విన్నది. బిందె నింపింది, ఎత్తుకుంది, ఇంటికొచ్చి దించింది. పాలలో గుడ్డ పీలిక ముంచి పిల్లి పిల్లల నోట పెట్టింది. ఒక్కటి తాగింది, రెండు తాగలేదు. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

గురువారం పొద్దున రఘుపతి అరుగు మీద పంచాయతీ. రఘుపతి పద్మశాలీల కులపెద్ద. పక్కన బుచ్చయ్య, ఆయన ఏమన్నా "అవును" అనడానికి. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వేపచెట్టు నీడన వెనక. ఐలేశం కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. గుర్వమ్మ నిలబడే ఉంది. పెదవి చీలి వాచింది.

"పిల్లిని చంపుడంటే బ్రాహ్మణ్ణి చంపినంత పాపం" అన్నాడు రఘుపతి. "బంగారు పిల్లిని కాశీల ఇడిచినా పోదు. గసొంటి పాపం చేసినోళ్లు ఊళ్లె ఉంటే వానలు గూడ పడయి. పొద్దుగూకక ముందే మందను తోలుకొని పోవాలె మీరు. ఏమంటవ్ బుచ్చయ్యా?"

"అవును మల్ల" అన్నాడు బుచ్చయ్య.

ఐలేశం తల ఎత్తాడు. "పెద్దయ్యా, ఒక్క మాట. పిల్లిని పాతిపెట్టిన జాగా చూపియ్యుర్రి. తవ్వి, కడుపు కోసి చూద్దాం. ఏం తిని సచ్చిందో పొట్టలనే ఉంటది. నాకు చెయ్యి లేదు, నా పెండ్లాం కోస్తది. మేం పెట్టిందే ఐతే నా రెండో చెయ్యి గూడ ఇరగ్గొట్టుర్రి."

అరుగు మీద గగ్గోలు లేచింది. పాతిపెట్టిన పిల్లిని తవ్వుడా? కడుపు కోసుడా? ఒక ముసలామె చెవులు మూసుకుంది. భిక్షపతి లేచి చెప్పు తీశాడు. ధర్మయ్య ముందుకు ఉరికాడు. ఇద్దరు పట్టుకున్నారు. "సంపిందిగాక కోస్తరంట లంజకొడుకులు" అని ఎవరో రాయి విసిరారు. అది గుర్వమ్మ మోకాలికి తగిలింది. ఆమె వంగలేదు, మోకాలు కూడా రుద్దుకోలేదు.

వెంకటనర్సమ్మ వేపచెట్టు కింద నుంచి నడిచి వచ్చింది. ఆడవాళ్ళు కొంగు పట్టి లాగారు. కొంగు విడిపించుకుంది.

"కొయ్యొద్దు" అన్నది. "కోసే పని లేదు. నేనే సంపిన."

భిక్షపతి ఎత్తిన చెప్పు దించాడు.

"కుంచె గన్నేరు చెట్టుకు ఆరేసిన. ఆకులు కుంచెకంటి గంజిల పడ్డయి. పిల్లి ఆ గంజి తాగింది. బానల నాలుగాకులు నా చేత్తోని తీసి బూడిదల కప్పిపెట్టిన. పోయి చూసుకోర్రి, అండ్లనే ఉన్నయి. గుర్వమ్మ ఏం పెట్టలే. ఐలేశం ఏం పెట్టలే."

ధర్మయ్య ఆమెను చూస్తూ నిలబడ్డాడు. పట్టుకున్నవాళ్ళు ఆయనను వదిలేశారు. ఇప్పుడు దెబ్బ పడుతుందని ఆమె కళ్ళు మూసుకుంది. పడలేదు.

రఘుపతి దగ్గాడు. ఉత్తరీయం సర్దుకున్నాడు. తమ కులం ఆడదాని మీదికి వచ్చేసరికి బంగారు పిల్లి ఎటు పోయిందో పోయింది.

"తెలువక జరిగిందాయె" అన్నాడు. "తెలువని పాపం పాపం కాదు. పిండితోని ఒక పిల్లిబొమ్మ చేసి మార్కండేయుని ముందర పెట్టుర్రి, అయిపాయె. ఏమంటవ్?"

"అవును మల్ల" అన్నాడు బుచ్చయ్య.

"ఐలేశం, మీరు గూడ ఉండుర్రి ఇగ. పొమ్మని ఎవరన్నరు?"

చేతి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఐలేశం ఎడమ చెయ్యి నేలకు ఊని లేచాడు. గుర్వమ్మ అతని చంక కింద చెయ్యి వేసి పట్టుకుంది.

"మేం కేతేపల్లికి పోతం" అన్నది. "అక్కడ నా తోడబుట్టినోడున్నడు."

తర్వాత గుర్వమ్మ వెంకటనర్సమ్మ ఎదుటికి వచ్చి ఆగింది. తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు.

"గీ మాట నిన్న చెప్తే మా ఆయనకు చెయ్యి ఉండు నర్సమ్మా."

వెంకటనర్సమ్మ ఇంటికి చేరేసరికి ధర్మయ్య గడ్డపారతో గోలెం పగలగొడుతున్నాడు. పెంకులు ఎగిరి గోడకు తగులుతున్నాయి. చెట్టును వేళ్ళతో సహా పెకిలించి, మెట్టుకేసి బాది, కొమ్మలు విరిచి, దొరికింది దొరికినట్టు వీధిలోకి విసిరాడు. ఆకులు, పూలు, పుల్లలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకున్నాయి. ఇక విసరడానికి ఏమీ మిగలక మెట్టు మీద కూలబడ్డాడు. ఆయాసం.

అప్పుడు వినిపించాయి మంద గంటలు. కేతేపల్లికి పోవాలంటే మంద ఈ వీధి నుంచే పోవాలి.

వెంకటనర్సమ్మ ఇంట్లోకి ఉరికింది. చేటా, చీపురూ తీసుకుని వీధిలో పడింది. ఊడిస్తే ఆకు మట్టిలో కలిసిపోతోంది. చీపురు పారేసి మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో ఏరసాగింది. కొంగు నింపి వాకిట్లో కుమ్మరించి మళ్ళీ వచ్చింది. చిన్న ముక్క కూడా వదలకూడదు. ఒక్కటి మిగిలినా ఇంకో నోరులేని ప్రాణం పోతుంది.

"ఎప్పుడు చూసినవ్ ఆకులను?" అన్నాడు ధర్మయ్య మెట్టు మీద నుంచి.

"పిల్లి సచ్చిన పొద్దే."

"మరి నాకెందుకు చెప్పలే?"

ఆమె ఏరుతున్న చెయ్యి ఆపి ఆయన ముఖంలోకి చూసింది.

"నీకా?"

మళ్ళీ వంగి ఏరుకుంది. గంటలు దగ్గరికొచ్చాయి. వీధి మలుపులో ముందరి మేకలు కనిపించాయి. కాసేపటికి ఆయన మెట్టు దిగాడు. ఆమెకు కాస్త దూరంలో, అవతలి గోడ వైపు కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు. తెగిన దారం ఎత్తినట్టే రెండు వేళ్ళతో ఒక్కొక్క ఆకూ ఎత్తాడు. వాడలో వాళ్ళు గుమ్మాల్లో నిలబడి చూశారు గానీ ఒక్కరూ దిగలేదు.

గుర్వమ్మ మలుపు దగ్గరే కర్ర అడ్డం పెట్టి మందను ఆపింది. వెనక ఐలేశం, చెయ్యి మెడకు వేలాడదీసుకుని, ఒక భుజాన గొంగడి. ముందరి మేకలు కర్ర మీంచి మెడలు చాపి అరుస్తున్నాయి. వాళ్ళిద్దరూ ఏరడం అయ్యేదాకా చూస్తూ నిలబడింది. అయ్యిందనుకుని ధర్మయ్య నడుం ఎత్తాడు.

"ఇంకోటున్నది" అన్నది గుర్వమ్మ.

కర్ర కొనతో తన పాదం ముందు చూపించింది. చెప్పులు లేని ఆ పాదం పక్కన, సగం మట్టిలో, ఒక ఆకు ఉంది. ధర్మయ్య అక్కడిదాకా వచ్చాడు. ఆమె పాదం వెనక్కు తీసుకోలేదు. ఆయన మోకాళ్ళ మీద వంగి, ఆ పాదం దగ్గర మట్టిని వేళ్ళతో తోసి ఆకు తీసుకుని, పిడికిట్లో పెట్టుకున్నాడు. తల ఎత్తలేదు.

గుర్వమ్మ కర్ర తీసేసింది. మంద కదిలింది.